నాలుగు మెట్ల మీద చెక్క

స్పానిష్ తరగతి అయిపోయింది. పిల్లలంతా వెళ్ళాక, చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయిని టీచరు ఆగమంది.

“నెల్లాళ్ళు ఈ భాష మాట్లాడే దేశంలో ఉండొచ్చిన వాళ్ళంతా గలగలా మాట్లాడుతున్నారు. నీకే నోరు పెగలట్లేదు. ఎందుకమ్మా?”

“వాళ్ళు అక్కడివాళ్ళ ఇళ్ళల్లో ఉన్నారు మేడం. నన్ను హోటల్లో పెట్టారు. అక్కడ నాతో అందరూ ఇంగ్లీషే.”

“నీకనుకున్న ఇంటి ముందు నాలుగు మెట్లున్నాయి. హోటల్లో అయితే లిఫ్టుంది, సుఖంగా ఉంటావనుకున్నా.”

“సుఖంగానే ఉన్నాను. సాయంత్రాలన్నీ గదిలో కూర్చుని టీవీ చూశాను.”

టీచరు డస్టరు తీసి, తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచింది.

“ఆ ఇంటి మామ్మగారు నాకోసం మెట్ల మీద ఏటవాలుగా చెక్క వేయించారట కదా మేడం?”

“ఎవరు చెప్పారు?”

“ఆవిడే. బయల్దేరే రోజు బస్సు దగ్గరికొచ్చి, మా ఇంటికెందుకు రాలేదని నిదానంగా, నాకర్థమయ్యేలా అడిగారు.”

“చెక్క సంగతి నాకూ చెప్పింది. నేనే వద్దన్నాను. నువ్వు జారి పడితే మీ ఇంట్లో ఏం జవాబు చెప్పుకోను? అంతా నా మెడకు చుట్టుకునేది.”

“నన్నొక్క మాట అడగాల్సింది.”

“అడగాల్సిందే. నాకే తోచలేదు. అడిగితే ఏమనేదానివి?”

“పడితే పడతానులెండి అనేదాన్ని. లేవదీసేటప్పుడైనా వాళ్ళ భాషలో నాతో నాలుగు మాటలు మాట్లాడతారు కదా.”