పొగగొట్టం మీద నల్లపట్టీ

(కనెక్టికట్ తీరంలో మార్లో రేవు, 1826 జూలై మూడో తారీఖు. రేపు అమెరికా స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళు నిండుతాయని ఊరంతా గుమ్మాలకి రిబ్బన్లు కట్టుకుంటుంటే, కెజియా ట్రస్కట్ మాత్రం ఇంటి కప్పెక్కి పొగగొట్టానికి నల్లరంగు పూస్తోంది. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డవాడు ఆమె మేనల్లుడు అషర్. సాయానికి పట్టుకున్నాడనుకునేరు, అదేం కాదు.)

"దిగు అత్తా. నీకు దండం పెడతాను, దిగు."

"ఒక పక్క మిగిలిపోయింది. పట్టీ చుట్టూ కలవాలిగా."

"రేపు ఊరేగింపు ఈ దారినే వస్తోందని తెలిసే ఎక్కావు కదూ?"

"ఏటా ఎండలు ముదిరాక వేస్తాను. మీ ఊరేగింపుకి ఇంకో దారి దొరక్కపోతే నా తప్పా?"

"తెల్ల పొగగొట్టానికి నల్లపట్టీ ఎందుకో ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. 'ఇది రాజుగారి మనిషి ఇల్లు, దీని జోలికి రాకండి' అని యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి గుర్తు. ఆ సైన్యం ఓడిపోయి పడవలెక్కి పోయింది. నేను పుట్టాను, నాకు జుట్టు కూడా నెరిసింది. ఇంకా ఎవరి కోసం వేస్తున్నావు?"

"నీ కోసమే అనుకో. చూస్తే ఒళ్ళు మండుతుందిగా, మండనీ."

"నిచ్చెన లాగేస్తాను."

"లాగెయ్. రేపు మీ డోళ్ళవాళ్ళు వచ్చేసరికి బక్కెట్టు ఒళ్ళో పెట్టుకుని ఇక్కడే కూర్చుంటాను. 'అదిగో, ఎన్నికల్లో నిలబడుతున్న అషర్ గారి మేనత్త' అని జనం తలెత్తి చూస్తారు. చూడముచ్చటగా ఉంటుంది."

"నీతో మంచిగా మాట్లాడదామనే వచ్చాను."

"నువ్వు మంచిగా మాట్లాడుతుంటేనే నాకు భయం."

"విను. తాత దేశద్రోహి కాడు."

"ఏ తాత?"

"ఏ తాతేమిటి! మీ నాన్న. జెరెడ్ ట్రస్కట్. గవర్నరు సభలో లేచి నిలబడి 'రాజుకి ఇచ్చిన మాట తప్పను' అన్న మహానుభావుడు. ఆయన రాజు మనిషి కాదత్తా. పైకి అలా నటించాడు. లోపల మనవాడే."

"ఎవరు చెప్పారీ కథ?"

"కమ్మరి ఓబెడ్. పోయిన నెల మంచంలో ఉండి నన్ను పిలిపించాడు. ఇంగ్లీషువాళ్ళు ఊరి మీద పడ్డ తెల్లవారుజామున మన దళం రాతిగోడ వెనక ముందే కాచుకుని ఉంది కదా? ముందే ఎలా తెలిసిందని ఇన్నేళ్ళూ అందరూ బుర్ర బద్దలు కొట్టుకున్నారు. ఓబెడ్ ఏమన్నాడో తెలుసా? ఆ కబురు ట్రస్కట్ ఇంటి నుంచే వచ్చిందన్నాడు. ఈ ఇంటి నుంచే! ... ఏమత్తా, చెయ్యి ఆగిపోయిందేం? రంగు నా బూట్ల మీద కారుతోంది."

"ఇంకేమన్నాడు?"

"ఇంకేమీ అనలేదు. 'మిగతాది చెప్పనని ఒట్టేశాను' అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే, పోయాడు."

"సగం ఒట్టు నిలబెట్టుకున్నాడన్నమాట. పోనీలే."

"అంటే నీకు తెలుసు!"

"నాకేం తెలీదు. రంగు ఆరిపోతోంది, మాట్లాడించకు."

"తెలిసీ నోరు మూసుకు కూర్చున్నావు! నా చిన్నప్పుడు బడిలో నా పక్కన ఎవడూ కూర్చునేవాడు కాదు, తెలుసా? ఇప్పుడు నా కొడుకుని ఇంగ్లీషు సిపాయిల కోటు పేరు పెట్టి 'ఎర్రకోటు పిల్లాడు' అంటున్నారు. వాడు ఏడుస్తూ ఇంటికొస్తాడు. మా నాన్న అవమానం భరించలేక ఈ ఊరి గాలే వద్దని వెళ్ళిపోయాడు. నువ్వు పెళ్ళీ పెటాకులూ లేకుండా ఈ దిక్కుమాలిన పట్టీ కింద ముసలిదానివైపోయావు. ఎందుకు? ఎవరిని కాపాడ్డానికి?"

"నా పెళ్ళి ఊసు నీకెందుకురా! నీకు కావలసింది ఓట్లు. ఆ మాట చెప్పి తగలడు."

"ఓట్లూ కావాలి, మర్యాదా కావాలి. రెండూ అడిగితే తప్పేముంది?"

"నిజం చెప్పావు. ఇవాళ్టికి అదొక్కటే నిజం."

"అంతా సిద్ధం చేశాను. రేపు ప్రార్థన అవగానే నలుగురు మనుషులు పారలతో ఆపిల్ తోటకి వస్తారు. తాతని బయటికి తీసి, డోళ్ళతో, జెండాతో చర్చి దొడ్డికి తీసుకెళ్ళి నానమ్మ సమాధి పక్కన పెడతాం. రాయి కూడా చెక్కించాను. 'జెరెడ్ ట్రస్కట్, దేశభక్తుడు' అని. ఊరంతా వస్తుంది. ఆయన సమాధి మీద రాయి లేదు కాబట్టి చోటు నువ్వు చూపించాలి. అంతే, ఇంకేమీ అడగను."

"ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళమని నిన్నెవరడిగారు?"

"చర్చి దొడ్డిలో చోటివ్వం పొమ్మని అప్పట్లో ఊరు అవమానించింది. ఆ తప్పు దిద్దుతున్నాం!"

"అసలు చోటిమ్మని అడిగిందెవర్రా? మీరు ఇవ్వలేదని మీరే చెప్పుకుంటారు, ఇప్పుడు ఇస్తామనీ మీరే అంటారు. తారు కాచి ఆయన ఒంటికి పూసి, కోడి ఈకలు అద్ది, రేవంతా తిప్పింది ఎవరు? మీ మామగారి నాన్న కాదూ? ఆ తారు గోకితే చర్మం ఊడొచ్చింది. నేను నూనె రాశాను, ఈ చేతులతో. ఇప్పుడు అదే ఊరు డోళ్ళు తీసుకొస్తుందా? సిగ్గులేదూ మీకు?"

"సిగ్గుపడే చేస్తున్నాం అత్తా!"

"సిగ్గుపడేవాళ్ళు ఇంట్లో కూర్చుంటారు. డోళ్ళు కొట్టుకుంటూ రారు."

"చోటు చూపిస్తావా లేదా?"

"చూపించను."

"సరే. తోట ఎప్పుడో ఊరు స్వాధీనం చేసుకుంది, మర్చిపోకు. మీకు ఇల్లొక్కటే వదిలారు. చెట్టుచెట్టు కిందా తవ్విస్తాను. ఆయన దొరికేదాకా తవ్విస్తాను. నీ కళ్ళ ముందే."

"అషర్!"

"నాకు సరదా కాదు. నువ్వే నన్ను ఇంతదాకా తెస్తున్నావు."

"ఒరేయ్... ఆ కబురు పంపింది ఆయన కాదురా."

"మరి ఎవరు? ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? మా నాన్న న్యూ హేవెన్‌లో చదువుకుంటున్నాడు. నీకేమో తొమ్మిదేళ్ళు."

"మీ నానమ్మ లేదూ?"

"నానమ్మా? నానమ్మ తాత మాట జవదాటేది కాదని..."

"ఎవరన్నారు? మీ నాన్నా? ఆయన చూసిందెంత! ఆ సాయంత్రం నలుగురు ఇంగ్లీషు అధికారులు ఓడ దిగి చాటుగా వచ్చి మన బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. తెల్లారుతూనే పడవల్లో వచ్చి, పట్టీ లేని ఇళ్ళన్నీ తగలబెడతామని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటుంటే వడ్డిస్తున్న అమ్మ వింది. నేను వంటింట్లో బాతుని మంట మీద తిప్పుతున్నాను. ఇంత మంట, నా మొహం మాడిపోతోంది. అమ్మ వచ్చి నిప్పుల చట్టి తీసుకుంది. ఏమిటమ్మా అంటే, నోరు మూసుకో అన్నట్టు చూసింది. చట్టి పట్టుకుని అధికారుల ముందు నుంచే గుమ్మం దాకా వెళ్ళింది. 'పొయ్యి ఆరిపోయింది, పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకుంటాను' అంది."

"పక్కిల్లంటే ఓబెడ్ వాళ్ళది."

"ఓబెడ్‌దే. ఆ రోజుల్లో అందరూ అలా తెచ్చుకునేవాళ్ళే, అనుమానించడానికేం లేదు. కానీ బాతు వాసన ఇల్లంతా గుప్పుమంటోంది. వాళ్ళలో పెద్ద అధికారి కత్తి కింద పెట్టి నాన్నవైపు తిరిగాడు. 'ట్రస్కట్ గారూ, మీ పొయ్యి నిజంగానే ఆరిపోయిందా?' అన్నాడు."

"తాతేమన్నాడు?"

"నాన్న నోట్లో పైపు వెలుగుతోంది. అంతకు కాసేపటి ముందే వంటింట్లోకి వచ్చి, నా పక్కనే వంగి, అదే పొయ్యిలో వెలిగించుకుని వెళ్ళాడు. నేను గుమ్మం చాటు నుంచి చూస్తున్నాను. అమ్మ ఆయనవైపు చూడనైనా లేదు. నాన్న పైపు తీసి బల్ల మీద పెట్టాడు. చివరికి 'ఆరిపోయింది. వెళ్ళనివ్వండి' అన్నాడు."

"అత్తా! ఇంకేం కావాలి? అంటే ఆయనకి అర్థమైంది! అర్థమయ్యే అబద్ధం చెప్పాడు. ఆ ఒక్క మాటతో ఊరు బతికింది. నేను చెప్పిందేగా! మనవాడే!"

"నోర్ముయ్! నీ మనవాడూ కాదు, నీ తలకాయా కాదు. పెళ్ళాన్ని ఉరికంబం ఎక్కించలేకపోయాడు, అంతే. మళ్ళీ ఆ రాత్రి నుంచి ఆవిడతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఏడాది తర్వాత, తారు పూసిన రోజునే మళ్ళీ మాట కలిసింది."

"పోనీ అలాగే అనుకో. మరి తారు పూస్తున్నప్పుడు నానమ్మ ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే వదిలేసేవాళ్ళుగా!"

"చెప్పబోయింది. గుంపులోకి పరిగెత్తింది. నాన్న ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. 'తారు పూస్తే పూయనీ. వీళ్ళ మెప్పు మాత్రం నా నెత్తిన రుద్దకు' అన్నాడు. అమ్మ ఏడుస్తూ నోరు నొక్కుకుంది. ఓబెడ్ చేత కూడా ఒట్టు వేయించింది. ఆయన తారుకి ఒప్పుకున్నాడురా, మెప్పుకి ఒప్పుకోలేదు. రేపు నువ్వు చేయబోయేది అదే."

"చచ్చిపోయినవాళ్ళకి మెప్పు గుచ్చుకోదత్తా. బతికున్న నా కొడుక్కి మాట గుచ్చుకుంటోంది."

"... వాడు బాగా ఏడుస్తాడా?"

"రాత్రిళ్ళు కూడా."

"పాపం. నేను వాడికి ఆపిల్ పళ్ళిస్తే తీసుకోడు. ఎందుకా అనుకున్నాను."

"ఇప్పటికైనా చోటు చూపించు. మళ్ళీ ఆ పట్టీ జోలికి రాను. జన్మంతా వేసుకో."

"ఈ పట్టీ ఎందుకు వేస్తున్నానో నీకింకా తెలీదు. ఆ నలుగురిలో ఒకడు కుర్రాడు. హ్యూ అనేవారు. మీసం కూడా సరిగ్గా రాలేదు. ఊరికే దగ్గేవాడు. భోజనమయ్యాక వంటింట్లోకి వచ్చి, నాకు వేళ్ళ మధ్య దారంతో ఉయ్యాల అల్లడం నేర్పాడు. మా చెల్లి కూడా నీ అంతే ఉంటుందన్నాడు. తెల్లారి గోడ వెనక నుంచి ఓబెడ్ వాళ్ళు కాల్చారుగా? వాడికి కడుపులో తగిలింది. మిగతావాళ్ళు పడవలవైపు పరిగెత్తారు. వాడు పరిగెత్తలేడు. తలెత్తి చూస్తే పొగమంచులో ఈ పొగగొట్టం కనబడింది. నల్లపట్టీ కనబడింది."

"అత్తా..."

"ఇది మనవాళ్ళ ఇల్లే అనుకుని పాక్కుంటూ వచ్చాడురా! మన గుమ్మం దాకా వచ్చాడు. నాన్న వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. 'మీ ఇల్లు కనబడగానే ఇంక భయం లేదనుకున్నానండీ' అన్నాడు. నీళ్ళు తాగలేకపోయాడు. పోయాడు. రాత్రి మన అన్నం తిన్నవాడు. మనం చెప్పిన అబద్ధానికే పోయాడు. 'ఆ పట్టీ చెరపొద్దు కెజియా, దాన్ని నమ్మి ఒకడొచ్చాడు' అని నాన్న నాకు చెప్పి పోయాడు. అందుకు వేస్తున్నాను. మీ రాజూ వద్దు, మీ జెండా వద్దు నాకు."

"... బాధగానే ఉంది. నేను రాయినేం కాదు. కానీ దీనికీ రేపటికీ ఏం సంబంధం? వాడెవడో పరాయివాడు. తాత అబద్ధం చెప్పాడు, ఊరు బతికింది. రాతి మీద అదే ఉంటుంది. మిగతాది ఎవరికి తెలియాలి?"

"నువ్వు తవ్వించక మానవు."

"మానను."

"ప్రమాణంగా?"

"నా కొడుకు మీద ఒట్టు."

"అయితే నిచ్చెన సరిగ్గా పట్టుకో, దిగుతాను. ... ఇదిగో, బక్కెట్టు అందుకో. అదిగో, మూడో వరస చివర, పిడుగు పడి చీలిన చెట్టు కనబడుతోందా? దాని కింద."

"ఇంత సేపు ఏడిపించి ఇప్పుడు... సరే, థాంక్స్ అత్తా."

"అప్పుడే అనకు. అక్కడ ఇద్దరున్నారు."

"ఇద్దరా?"

"ఆ కుర్రాణ్ణీ అక్కడే పెట్టాం. ఊరివాళ్ళ కంట పడితే శవాన్ని కూడా వదలరని, నాన్న వాడి ఎర్రకోటు విప్పేసి, తన గోధుమరంగు కోటు తొడిగి పూడ్చాడు. తను పోయాక వాడి పక్కనే పెట్టమన్నాడు. అందుకే మేం చర్చిని చోటు అడగలేదు."

"బతికించావు. ఎర్రకోటు విప్పేశారుగా, ఇంక పరవాలేదు. పారలవాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకుంటాను, పాత నౌకరు అంటాను. తాతని ఒక్కణ్ణే తీయిస్తాను. గుర్తేమిటి? ఎముకలు చూసి ఎవరు ఎవరో ఎలా చెప్పడం?"

"అదే చెబుతున్నాను, సరిగ్గా విను. ఊరంతా చూస్తుండగా నువ్వు తప్పు మనిషిని ఎత్తుకెళ్ళకూడదు కదా. విప్పిన ఆ కోటుని అమ్మే ఉతికింది. గుండు దూరిన చోట అమ్మే కుట్టింది. నాన్న దాన్ని తొమ్మిదేళ్ళు పెట్టెలో దాచుకుని, పోయేముందు ఒక్కటే కోరిక కోరాడు, మేం కాదనలేకపోయాం. రేపు డోళ్ళు బాగా కొట్టించి తవ్వించరా అషర్. ఆ ఇద్దరిలో ఎర్రకోటు తొడుక్కున్నవాడే మీ తాత."