రాతిమంచం మీద రాత

కొండమీద రాతిమంచం. తలవైపు చెక్కి ఉన్న పాత అక్షరాల మీద అచ్చు తీయడానికి అద్దిన తడికాగితం. పక్కన ఇద్దరు: పాత రాతలు చదివే ఉద్యోగంలో ఉన్న అల్లుడు, ఇది పూర్వం రాజు పడుకున్న మంచమని చెప్పి వచ్చినవాళ్ళకి ముప్పై ఏళ్ళుగా ఈ కొండ చూపిస్తున్న మామ.

"ఆరిందా అల్లుడుగారూ?"

"ఇంకా లేదు మామయ్యగారూ."

"ఇందాకా అదేమాట. ఈపాటికి దుప్పట్లే ఆరిపోతాయి."

"తొందరపడి లాగితే చిరుగుతుందని..."

"చదవడం ఎప్పుడో అయిపోయింది. మా అమ్మాయి వండింది బాగాలేదని చెప్పలేనప్పుడు ఇదే మొహం పెడతారు మీరు."

"అది సరే. రాజు ఇక్కడ ఎన్ని రాత్రులు పడుకున్నాడన్నారు?"

"మూడు."

"మా పెళ్ళప్పుడు ఒక్కటే అన్నారు."

"అప్పట్లో చుట్టుపక్కలవాళ్ళే వచ్చేవారు. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. అంతదూరం వచ్చినవాళ్ళకి ఒక్క రాత్రంటే ఏం బాగుంటుంది?"

"రాణి కూడానా?"

"రాణి నిరుడే వచ్చింది."

"ఈ గుంట?"

"ఆయన మోచెయ్యి. గాలి అటునుంచి కదా, ఇటు తిరిగి పడుకునేవాడు."

"ఇదంతా ఈ అక్షరాల్లో ఉందని ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయనకి చదువొచ్చా?"

"చదువొస్తే అంత బాగా ఎక్కడ చెప్పేవాడు?"

"మామయ్యగారూ, నేను ఆఫీసుకి ఉన్నదున్నట్టు రాయాలి."

"రాయండి, ఎవరొద్దన్నారు? రాజుకీ ఈ కొండకీ సంబంధం లేదని తేలితే కంకర కొట్టుకోమని ఇచ్చేస్తారట. రాళ్ళు పిండిచేసే మిషను కింద రోడ్డు మీదికి వచ్చి కూర్చుంది. అది కూడా ఉన్నదే."

"అందుకే కదా, నేను..."

"నీళ్ళు నమలకండి. చదవండి."

"'రాజుగారు వస్తున్నారని కబురొచ్చింది. దారి చదును చేశాం.'"

"చూశారా మరి."

"'ఈ బండ చెక్కి పడక చేశాం. పదకొండు రోజులు కాచుకున్నాం.'"

"ఊఁ."

"'రాలేదు.'"

"ఏంటీ?"

"'ఇకమీదట ఇలాంటి కబురొస్తే ఎవరూ పనులు మానుకోకండి.' అంతే. కింద ఊరివాళ్ళ పేర్లు."

"అసలు రాలేదా?"

"రాలేదు."

"కాసేపు కూర్చుని పోవడానికైనా?"

"లేదు మామయ్యగారూ."

"మరి మోచెయ్యి?"

"వాననీళ్ళకి పడ్డ గుంట."

"సరే. అవతలి కొండవాళ్ళు రాజు స్నానం చేసిన మడుగంటారే, ఆ పక్కవాళ్ళు గుర్రం డెక్క పడిన రాయంటారే, వాటిమీద ఏం రాసుంది?"

"గీత కూడా లేదు. రెండూ చూసొచ్చాను. మా పెద్దాఫీసరైతే ఆ రాజు వట్టి కట్టుకథ, అసలు పుట్టనే లేదంటాడు. ఆ కాలంలో ఆయన పేరు చెక్కిన రాయి ఇంతవరకూ ఒక్కటీ..."

"ఆగిపోయారేం?"

"ఒక్కటీ దొరకలేదు."

"దీనిమీద ఆయన పేరుందా?"

"ఉంది. నేను రాజుగారని చదివినచోట పేరుతో సహా ఉంది."

"అక్షరాలు ఆ కాలానివేనా?"

"ఆ కాలానివే."

"అయితే ఉన్నదున్నట్టే రాయండి అల్లుడుగారూ. ఊరంతటినీ పనులు మాన్పించి, పదకొండు రోజులు ఎండలో కూర్చోబెట్టి, రాకుండా ఊరుకున్నాడంటే కట్టుకథెలా అవుతాడు? నిఖార్సయిన రాజే."