దేవుడి గూట్లో వేను తాళం

"వేను తాళం దేవుడి గూట్లో ఎందుకెట్టావే?" అన్నానికి కూర్చుంటూనే యుగంధర్ భార్య మీద విసుక్కున్నాడు.

"బండి షెడ్డులో పడి రెండు నెల్లయింది. ఇంక ఆ దేవుడే నడపాలి," అంది తులసి, పప్పు వడ్డిస్తూ.

"మూడేళ్లకే గేరుబాక్సు పోతాదని నేనేటి కలగన్నానా?"

"మనుషులెక్కే బండిలో ధాన్యం బస్తాలు మిల్లుకి లాగితే పోదేటి?"

"ఒక్క పంటకే కదే..."

"మంచం దిగలేని మా అక్కని ఎనక సీట్లో తొంగోబెట్టి శ్రీకూర్మం తీసుకెల్తానని కొన్నావు. ఎస్.కోటలో ఏ బండి సప్పుడిన్నా మన వేనే అనుకుంటన్నాదట."

యుగంధర్ ముద్ద కలపడం ఆపాడు. "వచ్చే వారం బాగవుతాది."

ఈ మాట తులసికి ఎనిమిదోసారి వినబడింది. మజ్జిగ గిన్నె అతని ముందుకు జరిపింది.

"బాగైతే తే బావా. నేను రేపు పొద్దున్న బస్సుకి అక్క దగ్గరికి ఎల్తన్నాను."