నూటికి నలభై ఒకటి

దేవేంద్ర నగర్ తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన ముగియగానే హెలెన్ భర్త ఆరోన్‌ను స్కూటర్ల వెనక్కి లాక్కెళ్ళింది.

“అమెరికాలో కష్టాల్లో ఉన్న మనవాళ్ళ కోసం ప్రార్థించమని సంఘమంతటినీ అడిగారు కదా, ఎవరండీ ఆ మనవాళ్ళు?”

“బేస్‌బాల్ టీము. ఫైనల్ ఇప్పుడు నడుస్తోంది. వాళ్ళే గెలుస్తారని యాప్‌లో వాటాలు కొన్నాను.”

“ఏ డబ్బుతో?”

“నీ వాషింగ్ మెషిన్ డబ్బుతో.”

“అసలా ఆట మీకు తెలుసా?”

“అరే, క్రికెట్ లాంటిదే! గెలిచే అవకాశం నూటికి పన్నెండే అన్నారు, అందుకే వాటా పన్నెండు రూపాయలకే దొరికింది. ప్రార్థన అయ్యేసరికి చూడు, నలభై ఒకటి!”

పాపం, ఆ ప్రార్థనలో ముసలమ్మలంతా కన్నీళ్ళతో మోకరించారు. హెలెన్‌కు సిగ్గూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“ఇప్పుడే అమ్మెయ్యొచ్చా?”

“అమ్మొచ్చు. కానీ గెలిస్తే ఒక్కో వాటాకు నూరు! నీకు విశ్వాసం లేదా?”

“దేవుడి మీద బోలెడుంది. మీ టీము మీదే లేదు,” అంటూ ఆమె ఫోను లాక్కుని అన్నీ అమ్మేసింది.

వాళ్ళు ఇల్లు చేరేలోపే ఆ టీము ఓడిపోయింది. మెషిన్ డబ్బు మూడింతలైనా ఆరోన్ మొహం వేలాడేసుకునే ఉన్నాడు.

“చూశావా? నువ్వు అమ్మేశావని దేవుడు కూడా ఆశ వదులుకున్నాడు.”