పిట్టల దారం

ఏదమ్మాయ్, ఆ ఫోను ఇలా తే. నా కళ్ళజోడు... ఆఁ, నెత్తిమీదే ఉంది, నవ్వకు. ఊఁ. ఐదువేల సైజు రీలు. పదమూడు బేరింగులు. ముప్పై పౌండ్లు ఆగే జడదారం. అబ్బో! ఏవిటే తేజశ్రీ, పెదపాడు కాలవలోకి తిమింగలం ఏవన్నా వచ్చిందా? నాకెవరూ చెప్పలేదే! జెల్లలకా? జెల్లలకీ, మట్టగిడసలకీ ఇదా? నాలుగున్నర చుక్కల రేటింగుందా? ఎవరిచ్చారమ్మా చుక్కలు, చేపలా? పదమూడు బేరింగులట! మీ తాతయ్య పనిచేసిన రైసుమిల్లు మొత్తం వెతికినా అన్ని ఉండేవి కావు. అయినా గూడెం చుట్టుపక్కలోళ్ళంతా ఆ మిల్లు బియ్యమే తిన్నారు. ఉండు, కొనెయ్యకు. కొందూగాని. ముందు ఆ వేలు అక్కణ్ణించి తియ్యి.

మీ తాతయ్య అంటే మా బావే కదా, కనకరాజు గారు. నువ్వు ఫోటోలో చూసుంటావు, దండ వేసినప్పుడు. ఆ ఫోటోలో ఎవరినో కొట్టబోతున్నట్టుంటాడు గానీ ఆ మనిషి జన్మలో గొంతు పెంచింది లేదు. గొంతు పెంచడాలూ, చిందులెయ్యడాలూ అన్నీ నా వాటాకి వచ్చాయి. ఆయన తాడేపల్లిగూడెంలో మిల్లు ఫిట్టరు. ఆదివారం వచ్చిందంటే గూడెంలో పాసింజరెక్కి, ఏలూరులో దిగి, అక్కణ్ణించి బస్సులో మా పెదపాడు. బావమరిది మీద ప్రేమ అనుకునేవు, కాదు, మా ఇంటి వెనకాల కాలవ మీద. మీ మామ్మ రామలక్ష్మి, మా అక్కయ్య, ఏవనేదో తెలుసా? "నాకు సవతి లేదనుకుంటున్నారు నలుగురూ. ఉంది. నూలుపోగంత సన్నంగా ఉంటుంది" అనేది. ఆయన దారాన్ని అలా అనేది. నిజవే, ఆయన వాడే దారం అంత సన్నం. ఆ రీలు ఆయన కొన్నది కాదు. అప్పట్లో మన చేపలు ఐసులో పెట్టి లారీల్లో హౌరా పంపేవారు, ఇప్పటికీ పంపుతున్నారనుకో. అలాంటి లారీ ఒకటి దెందులూరు దగ్గర రోడ్డు మీద ఆగిపోతే, చేపలు కుళ్ళిపోతాయని డ్రైవరు నెత్తి బాదుకుంటుంటే, ఆ రోజు రైలు తప్పి బస్సులో వస్తున్న ఈయన దిగి మరీ బాగు చేశాడు. ఎవడన్నా దిగుతాడా? మన లారీయా, మన చేపలా? ఆ డ్రైవరు బెంగాలీవాడు. వాడి సీటు కింద చేపలు పట్టుకునే సామానుంటే అందులోంచి ఈ రీలు తీసి చేతిలో పెట్టాడట. గుప్పిట్లో పట్టేంత రీలు. నేను చూసి ఏవన్నానూ? "బావా, గంటసేపు లారీ బాగుచేసినందుకు గిలక్కాయ ఇచ్చాడా?" అన్నాను. అలా ఉండేది నా తెలివి.

ఆయన దాంట్లోకి దారం ఎక్కించడం నువ్వు చూడాలి. పెళ్ళికి పట్టుచీర ఎంచేవాళ్ళు కూడా అంత ఎంచరు. దారాన్ని చిటికెన వేలికి నాలుగు చుట్లు చుట్టి, వదిలేసి చూసేవాడు. చుట్లు చుట్లుగానే స్ప్రింగులా నిలబడితే పక్కన పడేసేవాడు. మెత్తగా విచ్చుకుంటే అప్పుడు, ఊఁ, ఇది పనికొస్తుందీ అని. చిన్న రీలుకి లావు దారం పెడితే విసిరినప్పుడు చుట్లు చుట్లుగా దూకి చిక్కుపడుతుందట. స్పూలు అంచుకి గోరు మందం తక్కువ దాకా చుట్టాలట. ఇంకా తక్కువైతే దూరం పోదు, అంచు దాటితే జారిపోతుంది. తర్వాత దారం కొస మా వాకిట్లో నులకమంచం కోడుకి కట్టి, గాలం కర్ర పట్టుకుని వెనక్కి నడిచేవాడు, రీలు నెత్తిన బిళ్ళ తిప్పుకుంటూ. మీరిప్పుడు డ్రాగ్ అంటున్నారే, అదే. గట్టిగా లాగితే రీలు కొంచెం కొంచెంగా దారం వదలాలి. జర్రు జర్రుమనకూడదు, బిగుసుకుపోకూడదు. "నాగభూషణం, చేప లాగినప్పుడు మనం ఇవ్వాలోయ్. అది ఆగినప్పుడు మనం తెచ్చుకోవాలి" అనేవాడు, ఇదే గొంతుతో, మెల్లిగా. నేను "ఆహా, మంచంకోడు పడింది బావా, పులుసు పెట్టించమంటారా?" అనేవాణ్ణి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. నవ్వినందుకే ఇంకా మండేది నాకు.

సరే, నా సంగతికొస్తాను. నేను పదహారేళ్ళు ఊళ్ళో వాళ్ళ చెరువుల్లో మట్టి మోశానమ్మా. తట్ట నెత్తిన పెట్టుకుని, గట్టు ఎక్కీ దిగీ. ఇప్పుడు పొక్లెయిన్లు వచ్చాయి గానీ అప్పుడు పొక్లెయిన్లు మేవే. అలా మోసీ మోసీ రెండెకరాల చెరువు కౌలుకి తీసుకున్నాను. నాది! నా గట్టు మీద నేను చేతులు కట్టుకుని నిలబడొచ్చు. ఆ పంట పోతే మళ్ళీ తట్టే, ఇంక లేచేది లేదు. వేలెడంత శీలావతి చేపపిల్లలూ, బొచ్చె పిల్లలూ తెచ్చి వేశాను. వెయ్యబోయే ముందు చెరువులో పాత చేపలు చావడానికి ఇప్పచెక్క చల్లాలి. అందరికీ తెలుసు. నేను సగమే చల్లాను. ఎందుకూ? తెలివెక్కువ కదా! దాంతో ఓ కొరమేనుల జంట బురదలో దూరి ఎంచక్కా బతికింది. కొరమేనంటే తెలుసుగా, పాములాంటి తల, పిల్లచేపల్ని పకోడీల్లా తింటుంది. వల వేస్తే బురదలోకి దూరుతుంది. మళ్ళీ ఇప్పచెక్క చల్లితే నా పిల్లలే చస్తాయి. ఇంక గాలం తప్ప దారి లేదు. గిలక్కాయ తప్ప దారి లేదన్నమాట.

ఆ ఆదివారం బావ వచ్చాడు. గట్టు చుట్టూ ఓ తిరుగు తిరిగి, తూటికాడల మూల దగ్గర కూర్చున్నాడు. అరగంటైనా విసరడే! వెళ్ళి చూస్తే, నీళ్ళ మీద ఎర్రగా బంతిలాగా ఒకటి కదుల్తోంది. కొరమేను పిల్లలు. అప్పుడు అలాగే ఎర్రగా ఉంటాయి, వందలకి వందలు, తల్లీ తండ్రీ కింద కాపలా. "ఇప్పుడు పట్టకూడదోయ్. పిల్లలు వెంటున్నప్పుడు మేం పట్టం" అన్నాడు. మేం అంటే ఎవరండీ, మీరూ మీ గిలక్కాయానా, అన్నాను. "ఇప్పుడు ఇవి ఈ మూల వదిలి పోవు. ఈ మూలకి అడ్డంగా వల కట్టెయ్యి. మూడు వారాలు ఆగు. పిల్లలు విడిపోయాక రెండింటినీ తీసేస్తాను. ఈలోగా పట్టావంటే కాపలా పోతుంది, పిల్లలు చెరువంతా చెదురుతాయి, నీకే నష్టం" అన్నాడు. సబబుగా ఉందా లేదా? నాకూ సబబుగానే అనిపించింది. వల కట్టాను కూడా. కానీ నోరుందే, అది ఊరుకుంటుందా? "అది నా చేపపిల్లల్ని తింటోంది, మీరు దాని పురుటికి వంటలు చేయించేలా ఉన్నారు" అన్నాను. ఆయన రీలూ, కర్రా మా వసారాలో మేకుకి తగిలించి, బస్సుకి వెళ్ళిపోయాడు.

సోమ, మంగళ, బుధ. మూడ్రోజులు ఆగాను. మూడు వారాలు ఆగమంటే మూడ్రోజులు ఆగడమే నా లెక్కలో ఎక్కువ. గురువారం పొద్దున్నే గట్టు మీదకెళ్ళేసరికి ఆ మూల వల అవతల దభేల్‌మని తోక కొట్టింది. నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది. ఇంటికొచ్చి కర్ర తీశాను. ఆ దారం చూస్తే ఏడుపొచ్చింది, ఇది కొరమేనుని ఆపుతుందా అని. అంతా లాగి పారేశాను. మన చెరువుల మీద నీటికాకులు వాలకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దారాలు కడతాం చూశావూ, పిట్టల దారం, అది తెచ్చి చుట్టాను. ఆ చిన్న స్పూలుకి ఎన్ని చుట్లు పట్టాయనుకున్నావ్? ఇరవై బారలు పట్టిందో లేదో. కొరమేను కొంచెం కూడా లాక్కోకూడదని నెత్తిన బిళ్ళ పటకారు పెట్టి బిగించాను. నవ్వు, నవ్వు. నువ్విప్పుడు ముప్పై పౌండ్లని టిక్కు పెట్టావు చూడు, సరిగ్గా అదే పని. కాకపోతే నువ్వు పటకారు లేకుండా చేస్తున్నావు.

కప్పపిల్లని గుచ్చి విసిరాను. దారం చుట్లు చుట్లుగా లేచి నా మొహానే పడింది. విప్పుకుని చేత్తోనే వేశాను, వల అవతలికి. పట్టింది! తల్లే. ఓరి నాయనో, ఏం లాగిందే! రీలు ఇవ్వదు, నేను బిగించాను కదా. దారం తెగదు, నేను మార్చాను కదా. ఇంక తెగాల్సింది ఏవుంది చెప్పు? ముందు రీలు పిడి విరిగింది. తర్వాత కర్ర పుటుక్కుమంది. నేను బురదలో వెల్లకిలా పడ్డాను. చేప విరిగిన కర్రతో, రీలుతో సహా వల చింపుకుని చెరువు మధ్యకి పోయింది. ఆ చిరుగులోంచి ఎర్రబంతి కూడా, నిదానంగా, ఏవీ తొందర లేనట్టు, నా చెరువులోకి వచ్చేసింది. మూడో రోజు కర్ర తేలింది. దాంతోపాటే తల్లి, వెల్లకిలా, నోట్లో నా గాలంతో.

మర్నాడు ఆదివారం. వస్తాడుగా, వచ్చాడు. నేను ముందే అరవడం మొదలెట్టాను, తప్పు చేసినవాడికి అదో సుఖం. మీ రీలు పనికిమాలింది, మీ బెంగాలీవాడు మోసం చేశాడు, అని ఏదో. ఆయన ఆ రీలు చేతిలోకి తీసుకుని, దారం వేళ్ళతో నలిపి చూశాడు. "తెగితే బతికేదోయ్" అన్నాడు. అంతే. తర్వాత రీలు నా ఒళ్ళో పెట్టి, "ఇది విప్పు" అన్నాడు. నీళ్ళు తగిలి బిగుసుకుపోయిందది. ఒక్కో చుట్టూ గోళ్ళతో ఊడదీశాను, మంచంకోడు పక్కన కూర్చుని. ఆయన ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు, సాయం చెయ్యలేదు. ఆ వారం ఆయన వెంట వచ్చిన అక్కయ్యని కూడా చెయ్యనివ్వలేదు. పిడికి మిల్లులో ఓ సైకిలు పుల్ల అరగదీసి మేకు చేసి తెచ్చాడు, ఆ పై వారం. కొత్త కర్ర, మళ్ళీ అదే రకం సన్నదారం, ఆరు పౌండ్లు.

ఇంక చూడు. ముందు తండ్రి కొరమేనుని పట్టాడు. గంట పట్టింది, అది లాగడం, ఈయన ఇవ్వడం, అది ఆగడం, ఈయన తెచ్చుకోవడం. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ పిల్లలు. బెత్తెడైనవి, జానెడైనవి, ఒక్కొక్కటీ, ఒక్కొక్కటీ. తొమ్మిది నెలలు. నేను గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి, "ఏం బావా, ఇవాళ ఎన్ని దోమల్ని పట్టారు?" అనేవాణ్ణి. నా చెరువు బాగుచేస్తున్నవాణ్ణి నేను అన్న మాట అది. నోరు తెరిస్తే అదే వచ్చేది, ఏం చెయ్యను? ఓ ఆదివారం బస్సొచ్చింది, ఆయన దిగలేదు. నీళ్ళరేవులో మొహం కడుక్కుంటూ కూలబడినవాడు మళ్ళీ లేవలేదట, మిల్లు నుంచి వచ్చి చెప్పారు. తర్వాత రెండు నెలలకి చెరువు పట్టుబడి. వల లాగితే సగం పంట ఉంది. సగం. ఆ సగంతోనే చెరువు నిలబడింది, ఈ ఇల్లు నిలబడింది, నేను మళ్ళీ తట్ట ముట్టుకోలేదు. వలలో కొరమేనులు ఎన్ని ఉన్నాయో చూద్దామని అందరూ వెతికారు. ఒక్కటి. ఒక్కటే మిగిల్చాడు.

ఏవిటీ? ఆయనతో ఏవన్నానా? ఎప్పుడు? ఆహా, తప్పు నాదేనని చెప్పానా లేదా అనా? తొమ్మిది నెలల్లో ఎన్ని ఆదివారాలుంటాయి, నువ్వు ఇంజినీరింగు కదా, లెక్కెయ్యి...

ఆ ఫోను ఇలా తే. వెయ్యి సైజు చూడు, చిన్నది. పోనీ రెండువేలు, అంతకి మించొద్దు. ఆ ముప్పై తీసేశావా? తియ్యి. ఆరు పెట్టు.