పాత కంప్యూటరును కడిగిన పుణ్యం

నా పదవీ విరమణ సభకు అధ్యక్షులైన నరసింహమూర్తి గారికి, పెద్దలకు, ఇరవై రెండేళ్లుగా నా అనుమతి లేనిదే కంప్యూటరు మార్చుకోలేక నన్ను లోలోపల తిట్టుకున్న మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

నేను ఎక్కువ మాట్లాడను. నిన్నటి సంగతి ఒక్కటి చెప్పి కూర్చుంటాను.

నిన్న కూడా ఎప్పటిలాగే ప్రగతి నగర్‌లో ఆరింటికి దీపం పెట్టి, డబ్బాలో ఉప్మా సర్దుకుని, కొత్తగూడ ఫ్లైఓవరు దిగేలోపు క్యాబులోనే విష్ణు సహస్రనామం ముగించి, ఎనిమిదిన్నరకల్లా ఈ కోకాపేట ఆఫీసులో ఉన్నాను. బల్ల మీద, నా తరువాత కూర్చోబోయేవారి కోసం కొత్త కంప్యూటరు. సిస్టమ్స్ చూసే మన సౌజన్య, ఇంకా ఉద్యోగం ఖాయం కాని పిల్ల, ముందురోజే పెట్టి వెళ్ళింది. పాతదాన్ని, ఆఫీసు ఊడ్చే కిష్టమ్మ కూతురి చదువుకు ఇమ్మన్నారు.

ఇచ్చే గిన్నెను కడిగి ఇవ్వడం మా ఇంటి అలవాటు. కంప్యూటరునూ కడిగాను. ఉన్నదంతా తుడిచి, ఫార్మాట్ కొట్టి, బొట్టు పెట్టాను. డ్రాయింగుల సాఫ్ట్‌వేరు లైసెన్సును ముందు పాతదాంట్లో డీయాక్టివేట్ చేస్తేనే కొత్తదాంట్లో తెరుచుకుంటుందని మీ అందరికీ పాఠం చెప్పింది నేనే. చెయ్యనిదీ నేనే. కొత్తదాన్ని తెరిస్తే, 'ఈ లైసెన్సు వేరే కంప్యూటరులో వాడుకలో ఉంది' అంది. ఆ వేరే కంప్యూటరేమో బొట్టుతో అమాయకంగా కూర్చుంది. (నవ్వులు)

క్లయింటుకు వెళ్ళే డ్రాయింగులు ఆగాయి. మన సారు, ఈ అధ్యక్షుల వారే, వచ్చారు.

"ఎవరండీ ఫార్మాట్ కొట్టింది? సిస్టమ్స్ మార్చేది సౌజన్యే కదండీ?"

"నేను కొట్టలే సార్. కొత్తది పెట్టిన, గంతే. జర నమ్మండి" అంది సౌజన్య.

"ఈవిడ కన్ఫర్మేషన్ లెటరు ఆపేయండి."

నేను కళ్ళు మూసుకున్నాను. జపంలో ఉన్నాననుకుని అందరూ చప్పుడు చెయ్యకుండా నడిచారు. జపం కాదు, భయం. ఒక్క రోజులో వెళ్ళిపోయేదాన్ని, మచ్చ లేకుండా పోదామన్న ఆశ.

సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్ళు ఫోనులో నూరు ప్రశ్నలడిగి, నాలుగింటికి లైసెన్సు తిరిగి ఇచ్చారు. డ్రాయింగులు వెళ్ళాయి. సౌజన్య ముఖం కడుక్కుని వచ్చి, నాకే టీ తెచ్చి ఇచ్చింది.



సాయంత్రం తమ్ముడికీ చెల్లెలికీ చెప్పాను. సురేంద్ర టీవీ ఆపాడు. "నువ్వు చేసిండే పనికి ఆ పాప మాటలు పడల్లా అక్కా?"

"సార్‌కు ఫోన్ చేసి చెప్తాలే" అన్నాను.

"అందరి ముందర తిట్లు తినింది గదా. అందరి ముందరే చెప్పల్ల" అంది స్వాతి. ఇంతకాలం నాకు ఎదురు చెప్పని పిల్ల.

ముగ్గురం కూర్చుని తేల్చుకున్నది ఇదీ: ఫార్మాట్ కొట్టింది నేనని మైకులో చెప్పాలి. సౌజన్య లెటరు మీద సారు సంతకం పడేదాకా శాలువా కప్పించుకోకూడదు. లెటరు తెచ్చాను సార్. పెన్ను కూడా.

ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సారు సంతకం పెట్టగానే నాకు సెలవు.