వడ్డించే చేతికి గరిటె ఇచ్చినవారు

1993 ఆగస్టు రెండవ తేదీన మన వృద్ధుల వైద్యాలయంలో పోషకాహార నిపుణురాలిగా చేరిన మేడంగారు, తొలిరోజే వంటగదిలో కూర రుచి చూసి “ఇది కూరా, ఉప్పు కొఠారా?” అన్నారు. వంటవాళ్లు ఆ సాయంత్రానికే వారికి ‘ఉప్పు మేడం’ అని నామకరణం చేసేశారు.

హృద్రోగ విభాగంలో వారి తొలి ఏళ్లన్నీ ఉప్పూ నూనే తగ్గించడంలో, కూరగాయలూ పండ్లూ పెంచడంలో గడిచాయి. “నాలుక అలవాటు పడేదాకా నన్ను తిట్టుకోండి, కానీ మానకండి” అనేవారు. అనంతరం మతిమరుపు వ్యాధిగ్రస్తుల విభాగ బాధ్యతలు స్వీకరించారు.

అక్కడికి గుండె బలహీనపడిన ఒక పెద్దాయన వచ్చారు. ఒకప్పుడు హోటల్లో వడ్డన చేసినవారు. ఉప్పు వేసుకున్న సంగతి మరచి మళ్లీ మళ్లీ వేసుకుంటున్నారని మేడంగారు బల్లమీది ఉప్పుడబ్బా తీయించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన కంచం ముట్టడం మానేశారు. అలిగారనే అందరం అనుకున్నాం. మనిషి రోజురోజుకీ నీరసించిపోతున్నారు.

“నన్ను మర్చిపోతే పోనీ మేడం, తినడం మర్చిపోతే ఎలా?” అని కూతురు కన్నీళ్లు పెట్టుకుంది.

మేడంగారు ఆయన పక్కన కూర్చున్నారు. “ఎందుకు తినట్లేదు బాబాయ్?”

“బల్లలన్నీ అవ్వకుండానే? వడ్డించేవాడు ముందు కూర్చుంటే ఓనర్ ఊరుకుంటాడా?”

“ఉప్పు గోలలో పడి మనిషిని అడగడమే మర్చిపోయాను” అని మేడంగారు నొచ్చుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆయన చేతికి గరిటె ఇచ్చారు. ఆయన బల్లబల్లకీ వడ్డించి, చివరికి మేడంగారి వైపు తిరిగి, “నువ్వు తిన్నావా అమ్మా? రా, కూర్చుందాం” అన్నారు.

రెండు ముద్దలు తిని, “వంటవాడు ఉప్పు మర్చిపోయాడే!” అన్నారు.

“మతిమరుపు మీ ఒక్కరి సొత్తా బాబాయ్?”

పెద్దాయన పకపకా నవ్వారు. “పోనీలే, ఓనర్‌కి చెప్పకు. పాపం, ఉద్యోగం పోతుంది.”

ఎదుటి బల్ల దగ్గర కూతురు ఖాళీ కంచంతో కూర్చుని ఉంది. ఆయన చప్పున లేచి వెళ్లి, “ఇంకొంచెం వెయ్యమంటారా అమ్మా?” అన్నారు. ఆమె కంచం ముందుకు జరిపింది.

వ్యాధి నయం కాలేదు. కూతురి పేరు ఆయనకు గుర్తు రానేలేదు. అయినా ఉన్నన్నాళ్లూ ఆకలి తీరా తిన్నారు. రోగి ఏం తినకూడదో చెప్పేముందు ఎలా తినేవారో అడగాలన్నది ఆ నాటినుంచి మన విభాగానికి వారు నేర్పిన పద్ధతి.

నేడు పదవీ విరమణ చేస్తున్న మేడంగారు ఇకపై భర్తతో, పిల్లలతో కలిసి వేళకు వేడిగా భుజిస్తూ, గట్టి గుండెతో, చెదరని జ్ఞాపకాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.